నలభై ఎనిమిది అంకెలు

ఉదయం అయిదూ నలభైకి విజయవాడ స్టేషన్లో దిగాం. వాన పడుతోంది. మొత్తం అరవై రెండు మందిమి. వెనక పెట్టెలో ఆరు రబ్బరు పడవలు, వాటి ఇంజన్లు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు. సిగ్నల్స్ సామాను నా బాధ్యత: ఒక పెద్ద రేడియో సెట్టు, ఎనిమిది చేతి సెట్లు, పన్నెండు అదనపు బ్యాటరీలు, ఒక చిన్న జనరేటరు, ముప్పై లీటర్ల పెట్రోలు. ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసుకుని సంతకం పెట్టాను.

అప్పటికి నేను హవల్దారును. పదిహేడేళ్ళ సర్వీసు. రాజస్థాన్ ఇసుకలో చేశాను, లడఖ్ మంచులో చేశాను. మాది ఉయ్యూరు పక్కన పల్లె. మా నాన్న ఫ్యాక్టరీకి చెరకు బళ్ళు తోలేవాడు. సొంత జిల్లాలో యూనిఫాం వేసుకుని డ్యూటీకి దిగడం అదే మొదలు, అదే ఆఖరు.

మా ట్రక్కులు వన్ టౌన్ మీదుగా పోయాయి. పల్లపు వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు. హమాలీలు పప్పు బస్తాలు గోడౌన్ల నుంచి మేడల మీదకి మోస్తున్నారు. బ్యారేజీ దగ్గర అన్ని గేట్లూ ఎత్తేసి ఉన్నాయి. చిన్నప్పుడు ఆ గేట్ల కింద పిల్లలు ఇసుకలో ఆడుకోవడం చూసినవాణ్ణి. ఆ రోజు కృష్ణ ఎర్రగా, అటు ఒడ్డు కనబడకుండా ఉంది. 

పదకొండూ ఇరవైకి చోటు చేరాం. ఊరి పేరు రాయను. నది రెండు పాయలుగా చీలిన చోట నాలుగు లంక గ్రామాలు. వాటికి ఎగువన కరకట్ట మీద హైస్కూలు. అదే మా హెడ్‌క్వార్టర్. స్కూలుకి నాలుగు కిలోమీటర్ల దిగువన, లంకల అంచున ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం. స్కూలుకి ఇంకో పక్క అయిదు కిలోమీటర్ల దూరంలో, మెరక మీద మార్కెట్ యార్డు. ఖాళీ చేయించిన జనాన్ని అక్కడికి చేరుస్తున్నారు. సెల్ టవర్లు ముందు రోజే పడిపోయాయి. ఫోన్లు లేవు, ఇంటర్నెట్ లేదు. ఉన్నవల్లా నా రేడియోలు. అవి కూడా ఆరోగ్య కేంద్రం నుంచి యార్డుకి నేరుగా అందవు. మధ్యలో స్కూలు డాబా మీద నా ఆపరేటర్ కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పాలి. ఆపరేటర్ లాన్స్ నాయక్, హిమాచల్ వాడు. తెలుగు ఒక్క ముక్క రాదు.

మొదటి రోజు దగ్గరి రెండు లంకలు ఖాళీ చేయించాం. పెద్ద కష్టం కాలేదు. గేదెల్ని వదిలి రామన్నవాళ్ళను బతిమాలడానికే ఎక్కువ సేపు పట్టింది. తెలుగు సరిగ్గా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆ బతిమాలే పని నాకు పడింది.

రెండో రోజు ఉదయం ఆరుంబావుకి మేజర్ సాబ్ మ్యాపు పరిచారు. మిగిలిన రెండు లంకలు దూరం. ప్రవాహం వేగం. పడవ పోయి రావడానికి గంటకు పైనే. పైనుంచి ఇంకా నీళ్ళు వదిలారు, సాయంత్రానికి ఇక్కడికి వస్తాయి.

"అందరినీ ఒక్క పూటలో తేలేం," అన్నారు హిందీలో. "ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు డాబాలెక్కి రేపటిదాకా ఆగగలరు. ఆగలేనివాళ్ళెవరు? ఏ ఇంట్లో ఉన్నారు? అది ఎవరు చెబుతారు?"

ఎవరికీ తెలియదు. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు చెప్పగలరు. వాళ్ళలో సగం మంది ఆ రెండు లంకల్లోనే చిక్కుకుని ఉన్నారు, మిగతా సగం ఎక్కడున్నారో తెలియదు. ఆరూ నలభైకి యార్డు నుంచి రేడియో పలికింది. మా జవాను సెట్టు ఎవరికో ఇచ్చాడు. ఆడ గొంతు.

"సార్, నేను హెల్త్ సూపర్‌వైజర్నండి. ఎస్తేరు రాణి. మా సెంటర్ కంప్యూటర్లో లిస్టుంది సార్. నెలలు నిండినవాళ్ళు, డయాలసిస్సువాళ్ళు, ఇన్సులిన్ వాళ్ళు, మంచం మీద ఉన్నవాళ్ళు. ఇంటి గుర్తుతో సహా ఎక్కించానండి. కానీ ఆ కంప్యూటరు మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు చచ్చిపోయింది. ఆన్ చేస్తే నీలం తెర వస్తుంది, ఆగిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. దాన్ని లేపాలండి."

యార్డులో రెండు వందల మంది జనం. ఆమె ఒక్కతే సిబ్బంది. డాక్టరు గారు అంబులెన్సులో ఒక కేసుతో విజయవాడ వెళ్ళి, దారి తెగి అక్కడే ఆగిపోయారు. కాబట్టి ఆమె రావడానికి వీల్లేదు. నేను వెళ్ళాలి.

నిజం చెబుతాను. ఆ మాట విన్నప్పుడు నాకు నమ్మకం కలగలేదు. సిగ్నల్స్‌లో పదేళ్ళు కంప్యూటర్లు చూసినవాణ్ణి. పల్లెటూరి ఆసుపత్రి యంత్రం, తడిసి ఉంటుంది, నకలు ఉండదు, పాస్‌వర్డు ఎవరికీ గుర్తుండదు అనుకున్నాను. మేజర్ సాబ్ అడిగారు, "ఎంత టైం?" తెలియదన్నాను. "పదకొండున్నర దాకా ఇస్తున్నాను. ఆ తర్వాత లిస్టు ఉన్నా లేకపోయినా పడవలు బయల్దేరతాయి," అన్నారు.

ఏడూ ఇరవై అయిదుకి ఆరోగ్య కేంద్రం చేరాం. నాతో బోటు నడిపే సాపర్, అంటే ఇంజనీర్ల దళం జవాను, తమిళుడు, చాలా బలమైనవాడు. కేంద్రానికి అయిదు మెట్లు. నీళ్ళు రెండో మెట్టు మీద ఉన్నాయి. నేను చాక్‌పీసుతో గోడ మీద గీత గీసి టైం రాశాను.

కంప్యూటర్ ఆఫీసు గదిలో, మామూలు బల్ల మీద ఉంది. పొడిగానే ఉంది. సాపర్ అన్నాడు, "ఉస్తాద్, పడవలో వేసుకుని స్కూలుకి పోదాం." బయట వాన కుండపోత. రబ్బరు పడవలో నాలుగు కిలోమీటర్లు, ఎదురు ప్రవాహం, పైన కప్పు లేదు. ఒక్క అల లోపలికి కొడితే అంతే సంగతులు. వద్దన్నాను. ఆ భవనంలో అన్నిటికంటే ఎత్తయిన బల్ల కాన్పుల గదిలో ఉంది. ఇద్దరం కంప్యూటర్ని దాని మీదకి చేర్చాం. జనరేటర్ని కిటికీ బయట, ఎత్తు అరుగు మీద పెట్టి తాడుతో కట్టాం.

"యార్డు అడుగుతోంది," అన్నాడు ఆపరేటర్ రేడియోలో. "అటక మీద వ్యాక్సిన్ డబ్బా చూశావా అని."

స్టోరు గదిలో అటక ఉంది. దాని మీద నీలం రంగు వ్యాక్సిన్ క్యారియర్. టీకా మందులు చల్లగా మోసుకెళ్ళే గట్టి ప్లాస్టిక్ పెట్టె, బిగించి మూస్తే నీళ్ళు దూరవు. మూత మీద స్కెచ్ పెన్నుతో 'మందులు కావు' అని రాసి ఉంది. తెరిచాను. పాలిథిన్ కవర్లో ఒక పెన్‌డ్రైవ్. ఇంకో కవర్లో ఒక హార్డ్ డిస్క్. తేమ పీల్చే తెల్ల గుళికల పొట్లాలు, మాత్రల సీసాల్లో వేస్తారే, అవి ఓ గుప్పెడు. ఒక రూళ్ళ నోటు పుస్తకం.

పుస్తకం తెరిస్తే గుండ్రటి తెలుగు రాత. మొదటి పేజీ నాకిప్పటికీ కంఠతా వచ్చు.

'ఒకటి. భయపడకు. రెండు. కరెంటు ముందు చూడు, సగం రోగాలు అక్కడే. మూడు. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తూ ఎఫ్ పన్నెండు నొక్కుతూనే ఉండు. నాలుగు. తాళం అడుగుతుంది, అది నా దగ్గర. అయిదు. ముందు డేటా కాపీ. ఆ తర్వాతే రిపేరు. ఎవరు తొందరపెట్టినా సరే.'

కింద తేదీల వరస. ప్రతి నెలా మొదటి శనివారం. ప్రతి తేదీ పక్కన 'నకలు తీశాను, తెరిచి చూశాను' అని ఒకే వాక్యం, ఒకే సంతకం. పేజీలు తిప్పాను. నాలుగేళ్ళ శనివారాలు ఉన్నాయి. ఒక్కటి తప్పలేదు. ఒక చోట మాత్రం 'జ్వరం, ఆదివారం తీశాను' అని ఉంది.

నేను సైన్యంలో చాలా లాగ్ పుస్తకాలు తనిఖీ చేశాను. ఇంత శుభ్రమైనది చూడలేదు.

ఎనిమిదీ అయిదుకి జనరేటర్ పలికింది. పుస్తకంలో చెప్పినట్టే చేశాను. నీలం తెర పోయి రికవరీ తెర వచ్చింది. పాత సిస్టం దానంతటది లేవలేదు, బాగుచేయమని అడిగితే కుదరదంది. డిస్కులోకి పోదామంటే తాళం అడిగింది. అందులో రోగుల వివరాలున్నాయి కాబట్టి, దొంగ ఎత్తుకుపోయినా చదవలేకుండా డిస్కుకు తాళం వేశారు. ఆ తాళంచెవి నలభై ఎనిమిది అంకెలు. ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు.

అక్కడే నేను తప్పుదారి పట్టబోయాను. తెర మీద ఇంకో దారి కనబడుతోంది: అన్నీ తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడం. దానికి తాళం అక్కర్లేదు. పక్కన హార్డ్ డిస్కులో మొత్తం కంప్యూటర్ నకలు ఉంది, ఉన్నదున్నట్టు ఫొటో తీసి దాచినట్టు. తుడిచేసి ఆ నకలు పోస్తే చాలు కదా అనుకున్నాను. గంట కలిసొస్తుంది. నీళ్ళు మూడో మెట్టు ఎక్కాయి. మేజర్ సాబ్ అప్పటికి రెండుసార్లు అడిగారు. యార్డుకి చెప్పమన్నాను, తుడిచేస్తున్నానని.

జవాబు ఆపరేటర్ గొంతులో, హిందీలో వచ్చింది. యార్డులో మా జవాను ఆమె మాటను హిందీలోకి మార్చి చెబుతున్నాడు, అతనికీ అరకొర తెలుగే. "ఉస్తాద్, మేడమ్ వద్దంటున్నారు. గట్టిగా అంటున్నారు. అయిదు చదవమంటున్నారు."

"టైం లేదని చెప్పు."

మాట యార్డుకి వెళ్ళింది. తర్వాత మళ్ళీ ఆపరేటర్. "నకలు మూడు వారాల నాటిదట. ఈ మూడు వారాల్లో కొత్తగా అయిదుగురు ఎక్కారట. వాళ్ళు నకల్లో లేరట. తుడిస్తే ఆ అయిదుగురు పోయినట్టేనట."

నా వేలు బటన్ మీదే ఉంది. తీసేశాను. ఆ వేలు తీసిన క్షణం గురించి ఎన్నిసార్లు ఆలోచించానో నాకే లెక్క లేదు. అంతవరకూ నాకు తెలిసింది యంత్రం. ఆ యంత్రంలో ఎవరున్నారో తెలిసింది ఆమెకి.

తాళంచెవి ఆమె హ్యాండ్‌బ్యాగులో డైరీలో ఉంది. ఎందుకు పెట్టెలో పెట్టలేదని తర్వాత అడిగాను. "తాళం, తాళంచెవి ఒకే చోట పెడతామా బాబూ?" అంది.

చదవడం మొదలైంది. యార్డుది రేకుల కప్పు. దాని మీద వాన హోరు. ఆమె ఇంగ్లీషు అంకెలు చదువుతోంది. ఫైవ్, నైన్ రెండూ ఆపరేటర్‌కి ఒక్కలాగే వినబడుతున్నాయి. సైన్యంలో ఇందుకే నైన్‌ని 'నైనర్' అంటాం. అలా అనమని చెప్పించాను.

జవాబొచ్చింది. "మేడమ్ అడుగుతున్నారు, నైనా, ఆరా? సరిగ్గా చెప్పమంటున్నారు."

సాపర్ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ ఉదయం మొదటిసారి. "తెలుగులో చదవమను," అన్నాను.

"నాకు తెలుగు రాదు కదా ఉస్తాద్."

"అర్థం వద్దు. ఏ శబ్దం వినబడితే ఆ శబ్దం నాకు చెప్పు."

అలా మొదలైంది. యార్డులో ఆమె 'తొమ్మిది' అంటుంది. కరకట్ట మీద టార్పాలిన్ కింద తడిసి ముద్దయిన హిమాచల్ కుర్రజవాను 'తొమ్‌మిదీ' అంటాడు. నేను కాన్పుల గదిలో రాసుకుంటాను. అయిదు, తొమ్మిది ఇక కలవలేదు. కానీ మూడు, ఏడు దగ్గర వాడికి తడబాటు. రెండూ 'ఊడూ' అని వస్తోంది. రెండో గుంపు దగ్గరే ఆమె పట్టేసింది. వాడు తిరిగి చదువుతుంటే విని ఆపింది.

"మేడమ్ చెబుతున్నారు, ఏడు వస్తే 'వారం' అంటారట."

వారం. ఏడు రోజులు. ఎవరూ నేర్పకుండా ఆమె కనిపెట్టిన కోడు అది. నేను సిగ్నల్స్ స్కూల్లో రెండేళ్ళు నేర్చుకున్నాను.

నాలుగు, వారం, సున్నా, ఒకటి, వారం, మూడు. అలా ఎనిమిది గుంపులు పూర్తి చేశాం. ఎక్కించి నొక్కాను. యంత్రం ఒప్పుకోలేదు. ఎక్కడ తప్పో అది చెప్పదు. మళ్ళీ చూసి ఎక్కించాను. ఒప్పుకోలేదు. నీళ్ళు నాలుగో మెట్టుకి వచ్చాయని సాపర్ చెప్పాడు.

"మళ్ళీ మొదట్నించీ," అన్నాను రేడియోలో.

కోప్పడుతుందేమో అనుకున్నాను. మొదటి అంకె నుంచి అదే నిదానంతో మొదలుపెట్టింది. మొదటిసారి ఎంత ఆగి చదివిందో రెండోసారీ అంతే ఆగి చదివింది. ఆరో గుంపు దగ్గర తప్పు దొరికింది. తప్పు నాదే. తడి కాగితం మీద నేను రాసిన ఒకటి చూడ్డానికి ఏడులా ఉంది. వాళ్ళిద్దరూ సరిగ్గానే చెప్పారు.

తొమ్మిదీ పదికి తాళం తెరుచుకుంది. రేడియోలో చెప్పాను. అటు నుంచి ఆపరేటర్ హిందీలో ఏమీ అనలేదు. "వారం!" అని అరిచాడు. వాడికి తెలిసిన తెలుగు అదే.

డేటా ఫోల్డర్ని హార్డ్ డిస్కులోకి కాపీ పెట్టాను. ఇరవై అయిదు నిమిషాలు. కాపీ అయ్యాక ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో చూడమని పుస్తకం వెనక పేజీలో ఆరో సూచన. చూశాను. కానీ ఆ లిస్టు వాళ్ళ సాఫ్ట్‌వేర్లో తప్ప చదవడానికి వీల్లేకుండా ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ ఆ కంప్యూటర్లోనే ఉంది. కాబట్టి యంత్రం లేవాల్సిందే. తొమ్మిదీ నలభైకి ఏడో సూచన: నకలు పోయడం. తెర మీద పచ్చ గీత. రెండు శాతం. నాలుగు శాతం.

ఇక చేసేదేం లేదు. కూర్చోవడమే. సైనికుడికి అన్నిటికంటే కష్టమైన పని అదే. పదీ పదికి నీళ్ళు గడప దాటాయి. చీలమండ దాకా వచ్చాయి. సాపర్ జనరేటర్ని ఇంకో రెండు ఇటుకలు ఎత్తాడు. పెట్రోలు చూశాడు. సరిపోతుందన్నాడు. మళ్ళీ చూశాడు. అరవై ఒక్క శాతం దగ్గర గీత ఆగిపోయింది. ఆరు నిమిషాలు కదల్లేదు. నేను రేడియోలో అడిగాను.

"అక్కడ ఆగుతుందట ఉస్తాద్. ప్రతిసారీ ఆగుతుందట. ముట్టుకోవద్దంటున్నారు."

ముట్టుకోలేదు. ఏడో నిమిషంలో కదిలింది.

పదీ యాభైకి రీస్టార్ట్. నల్ల తెర. తర్వాత తయారీ కంపెనీ గుర్తు. తర్వాత చుక్కలు గుండ్రంగా తిరిగాయి. నేనూ సాపరూ మోకాళ్ళ కింది దాకా నీళ్ళలో నిలబడి ఆ చుక్కలు చూశాం. వాడు తమిళంలో ఏదో దండకం చదువుకుంటున్నాడు. అప్పుడు తెర వెలిగింది. మామూలు తెర. పచ్చటి వరిచేను బొమ్మ. మూల మీద చిన్న చిన్న గుర్తులు.

కాపీ చేసిన డేటా దాని చోట పెట్టాను. సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఆ రెండు లంకల పేర్లు ఎంచుకున్నాను. పదకొండూ అయిదు.

పద్దెనిమిది పేర్లు.

ప్రింటరు తడిసింది. చదివాను. ఈసారి ఇటు నుంచి అటు. నేను హిందీలో చెప్పాను, ఆపరేటర్ రాసుకున్నాడు, మేజర్ సాబ్ పక్కనే నిలబడి మ్యాపు మీద చుక్కలు పెట్టారు. ప్రతి పేరు పక్కన ఆమె రాసిన ఇంటి గుర్తు. చర్చి వెనక మూడో ఇల్లు, నీలం తలుపు. రేషను షాపు ఎదురు డాబా, మేడ మీద ఉంటారు. లంక చివర పంపుసెట్టు పక్కన, కుక్క ఉంది, కరవదు. ఒక గర్భిణి పేరు పక్కన 'ఉయ్యూరు పుట్టింటికి వెళ్ళింది, ఇక్కడ లేదు' అని ఉంది. ఆ ఒక్క వాక్యం మాకు పడవ ప్రయాణం ఒకటి మిగిల్చింది.

మిగిలింది పదిహేడు మంది. పదకొండూ ఇరవైకి పడవలు బయల్దేరాయి. మేజర్ సాబ్ ఇచ్చిన టైం కంటే పది నిమిషాలు ముందు.

నేనూ సాపరూ కంప్యూటర్ని టార్పాలిన్లో చుట్టి పడవెక్కించాం. ఇప్పుడు తడిసినా భయం లేదు. హార్డ్ డిస్కు, పెన్‌డ్రైవు, పుస్తకం మళ్ళీ నీలం పెట్టెలో పెట్టి మూత బిగించి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

పడవలు తిరిగి తిరిగి వచ్చాయి. గుర్తులు ఒక్కటి తప్పలేదని బోటువాళ్ళు చెప్పారు. నీలం తలుపు ఇంట్లో మంచం కింద ఇటుకలు పేర్చి ఒక పెద్దాయన్ని పడుకోబెట్టారు. డయాలసిస్ జరిగి అయిదు రోజులైంది. ఆయన్ని అటు నుంచి అటే కరకట్ట మీద కాచుకున్న అంబులెన్సుకి మార్చారు, చుట్టుదారిలో గుడివాడ తీసుకుపోయారు. పంపుసెట్టు పక్కన ఇంట్లో నెలలు నిండిన అమ్మాయి, ఇరవై ఏళ్ళు ఉంటాయి. అత్తగారితో కలిసి అటక మీద కూర్చుని ఉంది. నొప్పులు మొదలై మూడు గంటలు. ఆ అమ్మాయి పేరు నకల్లో లేని అయిదు పేర్లలో ఒకటి. పది రోజుల కిందటే ఎక్కించారు.

నాలుగూ యాభైకి ఆఖరి పడవ వచ్చింది. అయిదుంబావుకి పైనుంచి వదిలిన నీళ్ళు వచ్చాయి. ఆ రెండు లంకల్లో మట్టిగోడల ఇళ్ళు చాలా కూలిపోయాయి. జనం డాబాల మీద ఉన్నారు. మర్నాడు వాళ్ళందరినీ తెచ్చాం.

ఆ సాయంత్రం యార్డుకి వెళ్ళాను. నీలం పెట్టె ఇవ్వడానికి. ఎస్తేరమ్మ గారిని అప్పుడే మొదటిసారి చూడటం. యాభై దాటిన మనిషి. పొట్టి. కళ్ళజోడు ఒక కాడకి దారం కట్టి ఉంది. చేతికి గ్లవుజులు. బస్తాల మాటున ఆ అమ్మాయికి కాన్పు చేసి అప్పుడే బయటికొచ్చింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

"మీరేనా బాబూ ఆసుపత్రిలో ఉన్నది?" అంది. "పెట్టె తెచ్చారా. మంచి పని చేశారు. టీ తాగుతారా?"

టీ తాగాం. నిలబడే. అప్పుడు అడిగాను, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని.

"నేర్చుకోవడమేముంది. అయిదేళ్ళ కిందట ఒకసారి ఇలాగే చచ్చిపోయింది. రెండేళ్ళ టీకాల లెక్క పోయింది. ఏ బిడ్డకి ఏ సూది పడిందో తెలియదు. మళ్ళీ ఇంటింటికీ తిరిగి, తల్లుల్ని అడిగి, కార్డులు చూసి రాశాను. ఏడు నెలలు పట్టింది. కొందరి కార్డులు లేవు. ఆ బిడ్డలకి ఏం చెయ్యను? ఆ రోజు ఏడ్చాను బాబూ. తర్వాత సెలవు పెట్టి విజయవాడ వెళ్ళి, కంప్యూటర్లు బాగుచేసే షాపులో అడిగాను, మళ్ళీ ఇలా కాకుండా ఏం చెయ్యాలని. నవ్వాడు. మీకెందుకమ్మా, పాడైతే తీసుకురండి అన్నాడు. వరద వస్తే ఎలా తేను అన్నాను. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు. మూడు శనివారాలు వెళ్ళాను. మా ఆఫీసులో పక్కన పడేసిన పాత కంప్యూటరొకటి ఉంది. దాన్ని కావాలని పాడుచేసి, లేపి, మళ్ళీ పాడుచేసి నేర్చుకున్నాను."

"మీ ఒక్కరే?"

"ఇంకెవరొస్తారు? అందరికీ పనులున్నాయి కదా."

మీకు సైన్యం అంటే తుపాకీ గుర్తొస్తుంది. మాకు గుర్తొచ్చేది డ్రిల్లు. ఏమీ జరగని రోజుల్లో, ఎవరూ చూడని మైదానంలో, జరగబోయేదాని కోసం వెయ్యిసార్లు చేసిందే చెయ్యడం. దానికి మా మీద అరిచే సుబేదార్లుంటారు, శిక్షలుంటాయి, జీతముంటుంది. ఆమె మీద అరిచినవాళ్ళెవరూ లేరు. నేను టీ గ్లాసు కింద పెట్టి సెల్యూట్ చేశాను. ఆమె కంగారు పడి, "అయ్యో, ఊరుకోండి బాబూ," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆపరేటర్ని కూడా మర్నాడు తీసుకెళ్ళి చూపించాను. వాడు ఆమె ముందు అటెన్షన్‌లో నిలబడి ఒకటి నుంచి పది దాకా తెలుగులో అప్పజెప్పాడు. ఏడు దగ్గర 'వారం' అన్నాడు. యార్డులో జనం పగలబడి నవ్వారు. ఆమె కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.

ఇంకో ఆరు రోజులున్నాం. నీళ్ళు తీశాయి. కంప్యూటర్ని ఆరోగ్య కేంద్రానికి చేర్చాం. తొమ్మిదో రోజు తిరుగు ఆర్డరు వచ్చింది. పడవలు కడిగి, మడిచి, లెక్క పెట్టాం. చేతి సెట్టు ఒకటి నీళ్ళలో పోయింది, దానికి రిపోర్టు రాశాను. ఆ తర్వాత మూడేళ్ళకి రిటైరయ్యాను. ఇప్పుడు విజయవాడలోనే ఉంటున్నాను. లడఖ్ గురించి అడుగుతారు జనం. చెబుతాను. మంచు, గాలి, పోస్టు. అవన్నీ ఇప్పుడు నాకు కొంచెం మసకబారాయి.

మసకబారనిది ఒకటుంది.

బయల్దేరిన రోజు ఉదయం ఎనిమిది గంటలకు మా ట్రక్కులు ఆరోగ్య కేంద్రం ముందు నుంచి పోవాల్సి వచ్చింది. ఎండ వచ్చింది. ఆవరణంతా మోకాలి ఎత్తు బురద. మెట్లు మాత్రం కడిగి ఉన్నాయి, అయిదూ. పై మెట్టు మీద ఎస్తేరమ్మ గారు కూర్చుని ఉంది. చీర కుచ్చెళ్ళు దోపుకుని, చేతిలో చీపురు పట్టుకుని, తల స్తంభానికి ఆనించి నిద్రపోతోంది. కూర్చున్నదల్లా అలాగే నిద్రలోకి జారినట్టుంది. ఆమె ముందు, మెట్ల కింద, లంకల జనం. ముప్పై నలభై మంది ఉంటారు. జ్వరాలవాళ్ళు, దెబ్బలవాళ్ళు, చంకల్లో పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు. వరసగా బురదలో నిలబడి ఉన్నారు, చెప్పులు చేత్తో పట్టుకుని.  ఒక పిల్ల ఏడవబోతే తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. మా డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తీసి, ట్రక్కుని మొదటి గేరులోకి దించాడు. మేం మెల్లగా పోయాం. మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఎవరూ ఆమెను లేపలేదు.